గడ్డిపెళ్ళ

"అది కాదు తల్లీ, మీ చిన్నతాత ఆర్విడ్ ఆ మనిషిని కొట్టలేదు. కొట్టినా ఇంత బాధుండేది కాదు. రాసుకో, మొదట్నుంచీ చెబుతా."

ఆ వేసవిలో మన కాలేజీవాళ్ళు ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తామన్నారు.

జిమ్ హాల్లో మీటింగు పెట్టారు. ఆర్విడ్ లేచాడు. కుర్రతనంలో ఆ గడ్డి మీద ఆడి, పళ్ళు రాలగొట్టుకున్నవాడు.

"ఎండలో దాని మీద పడితే ఒళ్ళు కాలుతుంది. బూటు ఇరుక్కుంటే మోకాలు పోతుంది. పిల్లలు మీకేం పాపం చేశారయ్యా?"

కొత్త కోచ్ నవ్వాడు. "ఇప్పుడొచ్చేది పాతరకం కాదు సార్. వానొచ్చినా బురదుండదు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, కొయ్యక్కర్లేదు."

"అయితే ఇంట్లో కుక్క బదులు కుక్కబొమ్మని పెంచుకో. దానికీ తిండి పెట్టక్కర్లేదు!"

జనం విరగబడి నవ్వారు. నవ్వినవాళ్ళే చివర్లో ప్లాస్టిక్‌కి చేతులెత్తారు.

"పోనీ, పీకేముందు తలా ఓ పెళ్ళ పట్టుకెళ్ళనివ్వండి" అన్నాడు ఆర్విడ్.

"చూద్దాం" అన్నాడు కోచ్.

చూసిందేమిటంటే, చెప్పాపెట్టకుండా మైదానమంతా గడ్డిమందు కొట్టించాడు. జనం తవ్వుకుపోతే నేల గుంటలు పడుతుందట.

కొద్దిరోజుల్లోనే మైదానం పాత చాపలా ఎండిపోయింది.

యంత్రాలొచ్చే రోజు పొద్దున్నే ఆర్విడ్ ఖాళీ చెక్కపెట్టె పట్టుకుని వెళ్ళాడు. ఎక్కడైనా ఓ పచ్చని ముక్క మిగిలి ఉంటుందేమోనని ఆశ. అంగుళం అంగుళం వెతికాడు. లేదు.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి.

గోల్ లైన్ మూల, ప్లాస్టిక్ పరిచే హద్దుకి అవతల, కంచె పక్కన, ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తల మీద ఊదారంగు టోపీ. నది అవతలి కాలేజీ రంగు. ఒక చేతిలో కత్తి. మరో చేతిలో పచ్చగా, నవనవలాడుతూ ఒక గడ్డిపెళ్ళ.

ఎదుటివాళ్ళ మైదానంలో గెలిచినవాళ్ళు అక్కడి గడ్డి ఒక పెళ్ళ కోసుకెళ్ళి, తమ మైదానం వెనక పాతిపెట్టి పైన రాయి పెట్టడం ఈ రెండు కాలేజీల ఆనవాయితీ. ఆర్విడ్ ఆడిన ఆఖరి ఆటలో వీళ్ళు ఓడారు. అతను బురదలో బోర్లా పడి చూస్తుండగానే, అవతలి కెప్టెన్ డెల్మర్ హౌగ్ సరిగ్గా ఆ మూలనే మోకాళ్ళ మీద కూర్చుని కోసుకెళ్ళాడు. ఆ డెల్మర్‌ని తిట్టకుండా ఆర్విడ్ అన్నాళ్ళూ భోజనం ముందు నుంచి లేచేవాడు కాదు.

"ఒరేయ్ దొంగా! చచ్చినదాని ఒంటి మీద కూడా కోస్తావట్రా?"

ముసలాయన తలెత్తాడు. "అరవకు బాబూ. ఇది..."

"ఇది మాది!"

"మీదే. కాదన్నానా?"

"ఆట లేదు, గెలుపు లేదు. ఏం గెలిచావని కోస్తున్నావ్?"

ముసలాయన ఏదో చెప్పాడు. లోపలికొస్తున్న బుల్డోజర్ మోతలో వినపడలేదు. ఆర్విడ్ వినదలచుకోనూ లేదు. పెళ్ళని లాక్కుని ఒక్క తోపు తోశాడు.

టోపీ కింద పడింది. ముసలాయన దాన్ని దులుపుకుని, కంచె పట్టుకుని మెల్లగా లేచాడు.

"సాయంత్రంపూట నీళ్ళు పొయ్యి. మధ్యాహ్నం పొయ్యకు."

"నా గడ్డికి నువ్వు చెప్పేదేంట్రా? నది దాటి పో!"

ఆయన వెళ్ళిపోయాడు.

"ఆఖరి పెళ్ళని దొంగ చేతుల్లోంచి లాక్కొచ్చా!" అంటూ ఆర్విడ్ ఇంట్లోకొచ్చాడు.

భార్య జోయన్ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది.

"దీన్ని నేలలోంచి కోశాడంటావా? అడుగు చూడు. వేళ్ళన్నీ గుండ్రంగా చుట్టుకుపోయాయి. గిన్నెలో ఏళ్ళ తరబడి పెరిగినదానిలా ఉంది."

ఆర్విడ్ చూశాడు.

ఆ మూల. ఆ మోకాళ్ళ మీద కూర్చున్న తీరు. 'మీదే. కాదన్నానా?'

"వెళ్ళి తప్పయిందని ఓ మాట చెప్పిరా" అంది జోయన్.

"ఎవరికి? ఆ డెల్మర్‌గాడికా?" అని కసిరాడు. సిగ్గుపడ్డప్పుడు కూడా కసురుకోవడమే అతనికి తెలుసు. "రేపు చూద్దాంలే."

ఆ రేపు ఆకులు రాలే కాలందాకా రానేలేదు.

ప్లాస్టిక్ మీద మొదటి ఆట రోజు ఊరంతా మైదానానికి పోయింది. ఆర్విడ్ నది దాటాడు.

డెల్మర్ ఇంటి తలుపు తీసింది ఒక ఆడమనిషి. గుమ్మం పక్కన ఖాళీ ఇనప గిన్నె ఉంది. గుండ్రటిది. అంచున మట్టి మరక.

"నాన్నగారా? పోయిన నెలలోనే పోయారండీ. మీరెవరు?"

ఆర్విడ్ టోపీ తీశాడు. "ఆయన దగ్గర గడ్డి లాక్కున్నవాణ్ణి."

"మీరేనా!" ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. "బతికున్నదాన్ని పాతిపెట్టడమేంటని, ఆ గెలిచిన రోజు నుంచీ ఈ గిన్నెలోనే పెంచారు. మీ మైదానానికి మందు కొట్టారని తెలిసి తిరిగిచ్చేస్తానని బయల్దేరారు. ఇంటికొచ్చాక ఒకటే నవ్వు. 'అక్కడొకడు నా మీద పడి లాక్కున్నాడే. అంత కోపమున్నవాడు దాన్ని ఎండనివ్వడు' అన్నారు."

"ఇంతే తల్లీ. దీన్ని ఆ కోచ్‌కి చదివి వినిపించు. మిట్టమధ్యాహ్నం, ఆ ప్లాస్టిక్ మీద, బూట్లు విప్పించి నిలబెట్టి మరీ వినిపించు."