గుట్ట మీది ఫిర్యాదు

కాలిపోయిన స్విచ్చు ఒకటి గాజు కౌంటరు మీద పెట్టి, పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

సోలార్ కొట్టు యజమానికి ఒళ్ళు మండింది. రాక రాక పెద్ద బేరం వచ్చి ఎదురుగా కూర్చున్న వేళ కదా!

ఏటి అవతలి పల్లె పెద్ద వచ్చి ఉన్నాడు. కరెంటు స్తంభం మొహం ఎరగని పల్లె అది. ఆయనకు నచ్చితే ఇంటింటికీ ఒక సోలార్ సెట్టు, అన్నీ ఈ కొట్టు నుంచే.

"మళ్ళీ ఏమైందమ్మా?"

"వెలగడం లేదు బాబూ. వైరు ఎలకలు కొరికాయి. ఈ స్విచ్చు మార్చి, ఓ మూర వైరిస్తే పోతాను."

"మొన్న ఫ్యూజు, అంతకుముందు బల్బు, ఇవాళ స్విచ్చు. సెట్టు వాడుతున్నారా, నములుతున్నారా?"

పల్లె పెద్ద ఫక్కున నవ్వాడు. దాంతో యజమానికి ఊపొచ్చింది.

"చూడండి, గుట్ట మీద కాలనీ అంతా మా సెట్లే. ఒక్కరంటే ఒక్కరు దిగొచ్చి, ఇది బాలేదు అన్న పాపాన పోలేదు. వచ్చేదల్లా ఈవిడే. ఆడలేక మద్దెల ఓడంటే నేనేం చేసేది?"

పెద్దమ్మ ఏదో అనబోయి, బేరానికొచ్చిన మనిషి వైపు చూసి ఆగిపోయింది.

"సరుకు ఎలాంటిదమ్మా?" పల్లె పెద్దే అడిగాడు.

"మంచిదేనయ్యా. కాకపోతే చూసుకునే మనిషి ఉండాలి."

"విన్నారుగా! చూసుకోవడం లేదని తన నోటితో తనే ఒప్పుకుంది." యజమాని స్విచ్చును వేలితో ఆమె వైపు నెట్టాడు. "ఇంక మీకిచ్చేది లేదు. మీ చేతికి కిరసనాయిలు బుడ్డే సరి. మళ్ళీ ఈ మెట్లెక్కకండి."

"ఈ ఒక్కసారికీ బాబూ. చీకట్లో పసిబిడ్డ ఉంది."

"ఉంటే జాగ్రత్తగా వాడుకోవాల్సింది."

ఆమె స్విచ్చు కొంగున ముడేసుకుని మెట్లు దిగింది.

"స్విచ్చు ముక్కకి అంత మాటా?" పల్లె పెద్ద వెళ్ళాక భార్య నొచ్చుకుంది.

"నీకు తెలీదే. నోరున్న కొనుగోలుదారు ఒక్కరు చాలు, కొట్టు మూయించడానికి."

మనిషిని చూడగానే ఎంత తూగుతాడో చెప్పగలనని ఆయన నమ్మకం. ఈవిడ తూకం ఆయన ఎప్పుడో వేసేశాడు.

ఆ తర్వాత గుట్ట నుంచి ఎవరూ రాలేదు.

"అంత పెద్ద కాలనీ. ఒక్క మనిషీ రాకపోవడమేంటండీ?" అంది భార్య.

"కడుపు నిండినవాడు ఆకలని అరుస్తాడా? వెలుగుతున్నాయి కాబట్టే రావట్లేదు."

వానలు వెనకబట్టాక పల్లె పెద్ద మళ్ళీ వచ్చాడు. "మీ దీపాలు ఒకసారి కళ్ళారా చూపించండి. అక్కడే మాటిచ్చేస్తాను."

యజమాని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పొద్దు వాలుతుండగా ఆయన్ని వెంటబెట్టుకుని గుట్టెక్కాడు. సెట్లు అమ్మాడే గానీ ఆయన ఆ గుట్టెక్కడం అదే మొదలు. బిగించడానికి మనిషిని పంపేవాడు. బిగించాక ఎవర్నీ పంపలేదు.

చీకటి పడింది. గుట్ట మీద ఒక్క సోలార్ దీపమూ వెలగలేదు.

మొదటి ఇంటి కప్పు మీద ప్యానెల్ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. దాని మీద తడిబట్టలు ఆరేశారు. వసారాలో ఓ ఇల్లాలు, కిరసనాయిలు బుడ్డి పక్కన బిడ్డను జోకొడుతోంది.

"సోలార్ కొట్టు నాదేనమ్మా. లైటు వేసుకోలేదేం?" యజమాని గొంతు సవరించుకున్నాడు.

"చెడిపోయి ఎన్నాళ్ళయిందో! చెప్పుకుందామంటే పెద్దమ్మ లేదు."

"ఏ పెద్దమ్మ?"

"బట్టలు కుట్టే పెద్దమ్మ. మీ కొట్టు దాకా వచ్చి పోవాలంటే మాకు ఆ పూట కూలి పోతుందండి. అందుకే ఎవరింట్లో ఏం పాడైనా ఆవిడే పట్టుకొచ్చేది. అసలు ఆవిడ చెబితేనేగా మేం కొన్నది! చెడితే నా పూచీ అంది."

పల్లె పెద్ద యజమాని మొహంలోకి చూశాడు. "ఆ రోజు మీరు మెట్లెక్కొద్దన్న ఆవిడేనా?"

యజమాని దుమ్ము పట్టిన ప్యానెల్ వైపు తల తిప్పుకున్నాడు.

"ఇప్పుడెక్కడుందమ్మా?" పల్లె పెద్ద అడిగాడు.

"ఏమో అయ్యా. ఇంటింటా దీపం ఆరిపోతుంటే అందరూ ఆవిడ మీద పడ్డారు. కమిషను మింగి మమ్మల్ని ముంచావన్నారు." ఇల్లాలు తల దించుకుంది. "నేనూ అన్నానండి. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఓ తెల్లారి చూస్తే తలుపుకి తాళం ఉంది."

"కమిషనా? నేను ఆవిడకి కాసిని మంచినీళ్ళు కూడా ఇచ్చి ఎరగను" అన్నాడు యజమాని. అన్నాక, ఆ మాట ఎంత నిజమో చెవులకు తగిలి నాలుక్కరుచుకున్నాడు.

పల్లె పెద్ద వసారా ముందు విడిచిన చెప్పులేసుకున్నాడు. "సరుకుకి వంక పెట్టనండీ. అలాంటి మనిషి మా పల్లెలో ఉందో లేదో చూసుకుని, అప్పుడు చెబుతాను."

ఆయన గుట్ట దిగిపోయాడు. బేరం ఆయన వెంటే దిగిపోయింది.

చిత్రం, యజమానికి బేరం పోయిన బాధ తెలియలేదు.

"ఆవిడ ఇల్లు చూపించమ్మా" అన్నాడు. "అన్నిటికంటే ముందు ఆవిడ సెట్టు నా చేతులతో బాగుచేస్తాను. ఎప్పుడైనా తిరిగొస్తే దీపం వెలుగుతూ కనిపించాలి."

ఇల్లాలు ఆయన్ని వింతగా చూసి, చివరి ఇంటి వైపు చెయ్యి చూపించింది.

యజమాని టార్చి వేశాడు. రేకుల కప్పు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. ప్యానెల్ లేదు, బిగించిన గుర్తూ లేదు.

"ఆవిడకి సెట్టెక్కడిదండీ?" అంది వెనక నుంచి ఇల్లాలు. "కొనే స్తోమతు లేక, చీకటి పడితే మా వసారాలోకొచ్చి కుట్టుకునేది."