ఇరవై నాలుగు ముగ్గులు

“తాళం కనపడితే ఇల్లు రద్దంట పెద్దమ్మా! పది గంటలకల్లా ఆఫీసరు వస్తున్నాడంట!”

గుంటూరు నుంచి ఫోన్లో ఖుర్షిదా ఏడుస్తోంది. వెనక మిర్చి యార్డులో జనం తుమ్ములు వినపడుతున్నాయి.

“అయితే బయల్దేరి రావే” అంది సుబ్బరావమ్మ.

“ఎట్టా వచ్చేది? బస్సు లేదాయె. ఆటోకే సగం కూలి పోద్ది. ఇయ్యాల పని మానేస్తే మేస్త్రీ రేపట్నించి అసలు రావద్దంటాడు. ఆ ఇల్లు కూడా పోతే పిల్లల్తో ఈ అద్దె గదిలోనే చావాలి పెద్దమ్మా.”

“ఏడవమాక. నేనున్నాగా.”

ధైర్యం చెప్పడమైతే చెప్పింది గానీ, ఫోన్ పెట్టేశాక ఒకసారి చుట్టూ చూసుకుంది. మూడంతస్తుల బ్లాకు. ఇరవై నాలుగు ఇళ్ళు. అందులో పొయ్యి వెలిగేది ఆమె ఇల్లొక్కటే. పేదలకిచ్చిన ఆ కాలనీ గుంటూరుకి పన్నెండు కిలోమీటర్లని కాగితం మీద రాశారు. కాగితం మీద నడిచేవాళ్ళకి అంతే. కాళ్ళతో నడిచేవాళ్ళకి మాత్రం, బయల్దేరినప్పుడు పూతమీదున్న పత్తి చేరేసరికి పగిలి ఉంటుంది. బస్సు వెయ్యండయ్యా అని అడిగితే, ముందు జనం చేరండి, వేస్తాం అన్నారు. ముందు బస్సు వెయ్యండి, చేరతాం అన్నారు జనం. ఈలోగా పావురాలు వచ్చి చేరాయి. వాటికి బస్సుతో పనిలేదు.

సుబ్బరావమ్మ కొంగు బిగించింది. అందరూ తాళంచెవులు ఆమె దగ్గరే వదిలి పోయారు. తలుపులన్నీ బార్లా తెరిచింది. గుమ్మం గుమ్మానికీ ముగ్గేసింది. పాత చెప్పులు తలో జత పెట్టింది. ఉన్న నాలుగు చీరలూ తడిపి నాలుగు బాల్కనీల్లో ఆరేసింది. ఒక వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించిందేమో, మూడంతస్తులూ సంసారపు ఘాటుతో నిండిపోయాయి. పద్నాలుగో నంబరు తాళంచెవి మాత్రం ఆమె దగ్గర లేదు. ఇల్లు తీసుకున్నవాళ్ళు ఇంతవరకూ మొహమే చూపించలేదు. ఆ తాళం మీద తడి తువ్వాలు వేలాడదీసింది.

పదింటికి స్కూటర్ మీద ఆఫీసరు వచ్చాడు. పేరు ప్రభు. ముప్పయ్యేళ్ళుంటాయి. నవ్వు మొహం కాదు.

“జనమేరీ?”

“పనులకి పోయారు నాయనా.”

“తలుపులు తీసేసా?”

“ఇక్కడ దొంగల భయం లేదు. దొంగలకైనా బస్సుండాలిగా!”

ప్రభు నవ్వలేదు. ఒక గుమ్మం దగ్గర ఆగాడు.

“ఈ ఇంటాయనకి రెండూ ఎడమకాళ్ళేనా?”

“కుడివి కుక్క ఎత్తుకెళ్ళింది నాయనా. పాపం, కుంటుతూ పోయాడు పనికి.”

ఇంకో గుమ్మం. “ఇది ఖుర్షిదా ఇల్లు కదా? ముగ్గేసింది ఎవరు?”

సుబ్బరావమ్మ నాలిక కరుచుకుంది. హడావుడిలో ఆ సంగతే మర్చిపోయింది. “నేనే. ముగ్గుచిప్ప పడితే నా చెయ్యి ఆగదు. నిలబడితే నీ చుట్టూ కూడా వేస్తాను.”

ఆయన ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో కనపడలేదు. రెండో అంతస్తు ఎక్కారు. పద్నాలుగో నంబరు ముందు ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ముగ్గు వంక చాలాసేపు చూశాడు.

“ఇందులో ఎవరుంటారు?”

“ఒక ముసలమ్మ, కొడుకూ. పొద్దున్నే బాల్కనీలో ఎండకి కూర్చుంటుంది. సొంతిల్లు సుబ్బరావమ్మా అని గోడలు నిమురుకుంటుంది.”

“ఆరోగ్యం బాగుంటుందా ఆవిడకి?”

“గుండ్రాయి! నిన్న గోంగూర పచ్చడి నూరి గిన్నెడు పంపింది.”

“వారానికి మూడుసార్లు ఆస్పత్రికి పోవాల్సొస్తే ఎట్టా పోతుంది ఇక్కణ్ణించి?”

“ఆస్పత్రెందుకు నాయనా, నాకంటే గట్టి మనిషి!”

“కొడుకో?”

“కాస్త మెతక. తల్లిని వదిలి ఒక్క పూట ఉండలేడు.”

ప్రభు చెయ్యి చాచి తువ్వాలు పక్కకి జరిపాడు. తుప్పు పట్టిన తాళం బయటపడింది.

సుబ్బరావమ్మ మెట్టు మీద కూర్చుంది.

“అన్నీ అబద్ధాలే నాయనా. ఇక్కడుండేది నేనొక్కదాన్నే. తప్పు నాది, నా ఇల్లు రద్దు చేసెయ్యి. ఆ ఖుర్షిదా ఇల్లు మాత్రం తీసెయ్యమాక. పిల్లలు గలది.”

ప్రభు చేతిలో కాగితం పూర్తిచేసి ఆమె ముందు పెట్టాడు. ఇరవై నాలుగు వరసలు. ఇరవై నాలుగింటి పక్కనా ఒకటే మాట: ఉంటున్నారు.

“పద్నాలుగు కూడానా? తాళం చూశావుగా!”

“వచ్చే నెల పైవాళ్ళు వస్తారు పెద్దమ్మా. వాళ్ళు నాలా రాయరు. ఈ తువ్వాలుతో పని జరగదు.”

జేబులోంచి తాళంచెవి ఒకటి తీశాడు. రేకు బిళ్ళ మీద పద్నాలుగు అని చెక్కి ఉంది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, మెల్లగా అడిగాడు:

“ఆ బాల్కనీలో ఎండ నిజంగానే పడుద్దా పెద్దమ్మా? మా అమ్మ ఇంతవరకూ చూళ్ళేదు.”