నాలుగో గేటు

“పులి సరిగ్గా కనపడని గేటు ఏదమ్మా?” అని అడిగాడతను.

ట్రావెల్స్ అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తింది. పొద్దున్నుంచీ ఆ కుర్చీలో కూర్చుని పులుల పార్కుకు సఫారీ టికెట్లు బుక్ చేస్తోంది. వచ్చినవాళ్లంతా పులి ఎక్కడ కనపడుతుందని ప్రాణం తీసినవాళ్లే. కనపడని చోటు అడిగిన మహానుభావుడు ఇతనొక్కడే.

“ఆయన మాటలు పట్టించుకోకమ్మా,” అంది పక్క కుర్చీలోని భార్య. “ఖాయంగా కనపడే గేటుకే చెయ్యి.”

ఈ గొడవ ఇంట్లో వారం నుంచీ నడుస్తోంది. అతనికి వాదించే ఓపిక లేదు. అసలు దేనికీ ఓపిక లేదు. డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. మోకాళ్లు పీకుతున్నాయి. ఎంత సబ్బు రుద్దినా చేతులు ఫినాయిల్ వాసన కొడుతూనే ఉన్నాయి.

వానలొస్తున్నాయని వచ్చే వారం పార్కు మూసేస్తారు. ఎన్నో ఏళ్లకు అతనికి ఐదు రోజుల సెలవు దొరికింది. సంతకం పెడుతూ పైఆఫీసరు, “మళ్లీ రిటైరయ్యేదాకా అడక్కు” అన్నాడు. రిటైరయ్యాక ఈ మోకాళ్లు జీపు ఎక్కనిస్తాయన్న నమ్మకం లేదు. అంటే అడవిలోకి వెళ్లేది ఒక్కసారే. వెళ్లేది ఒక్క గేటు గుండానే. అది తేలాల్సింది ఇప్పుడే, ఈ కుర్చీలోనే.

భార్య మాత్రం సంబరంగా ఉంది. అక్క దగ్గర బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకుంది. అడవిలో మెరిసే రంగులు వేసుకోకూడదని ఎవరో చెబితే మట్టిరంగు బట్టలు కొనుక్కుంది. “మీకు కొత్తవి దండగ. ఉన్నవన్నీ ఖాకీలేగా” అని మొగుణ్ణి వదిలేసింది.

“మొదటి గేటు తీసుకోండి సార్,” అంది అమ్మాయి. “శనివారానికి రెండే సీట్లున్నాయి. రేపటికి అవీ ఉండవు. అక్కడ నీళ్లగుంట పక్కనే రోడ్డు. ఈ ఎండలకు పులి ఇంకెక్కడికీ పోదు. వెళ్లినవాళ్లంతా ఫొటోలతో వచ్చారు.”

“ఎన్ని జీపులుంటాయి?”

“ఇరవై దాకా.”

“అన్నీ దాని చుట్టూనేనా?”

“మరి అందరూ చూడాలి కదా సార్.”

అతను కళ్లు మూసుకుని తెరిచాడు.

“ఇంకోటి చెప్పమ్మా.”

భార్య నెత్తి కొట్టుకుంది. “రాత్రంతా రైల్లో పడి వెళ్లి చెట్లు చూసొద్దామా? చెట్లు మన వీధి చివర లేవా? అక్కావాళ్లు మూడు పులుల్ని చూసొచ్చారు. నేను ఒక్కటీ చూడకుండా వస్తే అక్క నన్ను బతకనిస్తుందా? మీకంటే సరే, నా సంగతి కూడా చూడండి.”

“మీ అక్క కోసం వెళ్తున్నామా?”

“మరెవరి కోసం?”

జవాబు అతని దగ్గర ఉంది. ఫినాయిల్ వాసన కొట్టే చేతుల వైపు చూసుకున్నాడు.

అమ్మాయి మొగుడూ పెళ్లాల్ని మార్చి మార్చి చూసింది. “నాలుగో గేటొకటి ఉంది సార్. నేనైతే ఎవరికీ అంటగట్టను. అంతా కొండలు, వెదురు పొదలు. పులులున్నాయంటారు గానీ ఈ సీజన్లో ఒక్కరికీ కనపడలేదు. జీపు చప్పుడు వింటే లోపలికి వెళ్లిపోతాయట.”

“వెళ్లిపోతే ఎవరూ ఏమీ చెయ్యరా?”

“ఏం చేస్తారు సార్? దాని ఇష్టం.”

“మళ్లీ చెప్పమ్మా.”

ఈయనకు చెవుడేమో అనుకుంది అమ్మాయి. కాస్త గట్టిగా చెప్పింది. “రావాలనుకుంటే వస్తుంది సార్. లేదంటే రాదు. దాని ఇష్టం.”

వారం రోజుల్లో అతని మొహంలోకి కాస్త కళ వచ్చింది ఇప్పుడే. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“అదే చెయ్యి.”

అమ్మాయికి జాలేసింది. “సార్, అసలు మీరెప్పుడైనా పులిని చూశారా?”

“చూశాను.”

“జూలోనా? అది లెక్కలోకి రాదు సార్.”

“రాదు,” అన్నాడతను మెల్లగా. “నిజమేనమ్మా. రాదు.”

భార్య అతని వైపు తిరిగింది. ముప్పై ఏళ్ల కాపురం. ఆ గొంతు ఆవిడకు తెలుసు. పని నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయే రోజుల్లో వినపడే గొంతు అది. చేతిసంచి ఒళ్లో సర్దుకుంది.

“నాలుగో గేటే రాసెయ్యమ్మా,” అంది. “అక్కకు ఏదో ఒకటి చెప్పుకుంటాలే. చెప్పేదానికి తక్కువెందుకు, నాలుగు చూశామంటాను.”

అతను ఆవిడ వైపు చూశాడు. థాంక్సు చెప్పే అలవాటు వాళ్లింట్లో లేదు. ఆవిడ ఒళ్లోంచి బరువైన ఆ సంచి తీసి తను పట్టుకున్నాడు.

అమ్మాయి టికెట్లతోపాటు ఒక కాగితం ముందుకు తోసింది. పులి కనపడలేదని తిరిగొచ్చి టేబుల్ గుద్దేవాళ్లతో వేగలేక యజమాని అచ్చేయించిన కాగితం అది. ‘పులి కనపడకపోయినా నేను ఎవరిమీదా ఫిర్యాదు చేయను’ అని ఉంది. అతను రెండుసార్లు చదువుకుని, కింద సంతకం పెట్టాడు.

“ఈ కాగితం మీద అందరిచేతా సంతకం పెట్టిస్తే బాగుంటుందమ్మా,” అన్నాడు.

జోకనుకుని అమ్మాయి నవ్వింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, ఇరవై ఏడేళ్లుగా రోజూ చేస్తున్నట్టే, జూలోకి జనాన్ని వదిలే ముందు అతను లోపలి గదిలో ఓ మూల ముడుచుకుని పడుకున్న పులిని అదిలించి బయటి బోనులోకి తోలి, సాయంత్రం ఆఖరి మనిషి చూసి వెళ్లేదాకా అది తిరిగొచ్చి దాక్కోకుండా, దాని వెనక ఇనుప తలుపు దించి తాళం వేశాడు.