బొమ్మ వేస్తే బయటికే

మేం మారబోయే ఇంట్లో చోటు తక్కువ. అందుకని ఒక సూత్రం పెట్టాను: ఏ వస్తువు బొమ్మ వేస్తానో ఆ వస్తువు బయటికి పోవాలి, జ్ఞాపకానికి బొమ్మ చాలు. నాలుగు బీరువాల పుస్తకాలు నమిలినవాడికి ఇలాంటి తెలివికి కొదవేముంది?

ముందుగా మా బావ ఇచ్చిన గోడ గడియారాన్ని బల్ల మీద పెట్టాను. నా రాతలు చూసి జీవితమంతా నవ్విన మహానుభావుడు. ఆయన పోయినా గడియారం మాత్రం నా నెత్తిన గంటలు కొడుతూనే ఉంది. అరచేతంత అట్ట మీద బొమ్మ ముగించి మా ఆవిడను పిలిచాను.

“ఇది గడియారమా? మూత పోయిన డబ్బాలా ఉంది.”

“కళ నీకేం తెలుసు?”

“మా అన్నయ్య గుర్తు ఇదొక్కటేనండీ.”

“అందుకేగా బొమ్మ వేసింది! సూత్రం సూత్రమే.”

ఆమె పడగ్గదిలోంచి అద్దం తెచ్చి నా ఎదురుగా నిలబెట్టింది.

“ఆ చేత్తోనే మీ బొమ్మ కూడా వేసేయండి. జ్ఞాపకానికి నాకది చాలు.”

మనుషుల బొమ్మలు నాకు రావని చెప్పి, కొత్తింట్లో గడియారానికి మేకు ఎక్కడ కొట్టాలో అడిగాను.