చంద్రి కాలిగోరు

ఓబన్న నోరు ఊరికే ఉండి ఉంటే ఈ కథే లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది కడపలో, బుగ్గవంక ఒడ్డున, సర్కసు దిగింది. ఆటలు ముగిసి డేరాలు విప్పుతుంటే చంద్రి అనే ఏనుగు కుంటుతూ కూలబడింది. ముందుకాలి గోరు చుట్టూ తోలు మందంగా పెరిగి, దాని కింద గులకరాయి దూరి, కాలు గుమ్మడికాయలా ఉబ్బింది.

"సాయంత్రానికి లేచి రాజంపేట దారి పట్టిందా, సరే. లేదంటే కాల్చేస్తాను. కుంటి ఏనుగును నేను మేపలేను" అన్నాడు సర్కసు యజమాని.

ఆ మాట మంగలి ఓబన్న అంగడి దాకా పాకింది.

"ఓస్, గోరే గదా! మా తాత నవాబు గోళ్ళు తీసినోడు. నేను ఏనుగు గోరు తీయలేనా?" అన్నాడు ఓబన్న, ఒకడికి గడ్డం గీస్తూ.

గడ్డం గీయించుకుంటున్నవాడు సర్కసు మనిషి.

అట్లా ఇరుక్కున్నాడు.

ఓబన్న మంగలిపొదిలో ఉన్న, గోళ్ళు తీసే గోరుగల్లు చంద్రి గోటి ముందు చీపురుపుల్ల. ఎద్దులకు నాడాలు కొట్టే కంబన్న దగ్గరికి పరుగెత్తి గిట్టలు కత్తిరించే పటకార్లు మూడు తెచ్చాడు. తెచ్చాడే గాని ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, పొద్దు వైపు చూస్తాడు, నీళ్ళు తాగుతాడు, మళ్ళీ కూర్చుంటాడు.

యజమాని దూరంగా కుర్చీ వేసుకుని, తుపాకీ ఒళ్లో పెట్టుకుని గడియారం చూస్తున్నాడు.

జనంలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. దుమ్ముకు కాబోలు, తలకూ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. ఓబన్న కంటే ఈయనకే కుదురు తక్కువ. ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఆ పక్క నుంచి ఈ పక్కకు ఒకటే తిరుగుడు.

"ఆ పటకారు ఇట్లియ్యప్పా."

"నువ్వెవరు?"

"దారిన పోయేటోన్ని."

పటకారు మూసి ఎండకెత్తి చూశాడు.

"చూడు, మూసినా అంచుల మధ్య వెలుతురు కారుతాంది. ఇది కొయ్యదు, పీకుతాది. అది పీకిందంటే నువ్వు బుగ్గవంక ఆ ఒడ్డున పడతావు."

జనం ఘొల్లున నవ్వారు.

రెండోదాన్ని నొక్కి చూశాడు. "దీని కీలు బిగుసుకపోయిండాది. సగంలో పట్టేస్తాది."

మూడోదాన్ని మూస్తే వెంట్రుక దూరే సందు లేదు.

"ఇదీ పటకారంటే! కాగే నీళ్ళలో వేసి తీసి, బాగా తుడువు. కీలులో ఆముదం చుక్క వెయ్యి. తడి ఉంటే తుప్పు, తుప్పు ఉంటే చీము."

"గోళ్ళ పని నాకే నేర్పుతావా? మా తాత నవాబు గోళ్ళు..."

"నవాబు తన్నడు కదప్పా!"

ఓబన్నకు రోషం వచ్చింది. అయినా చెప్పినట్టే చేశాడు. పటకారు పట్టుకుని దగ్గరికి పోయేసరికి చంద్రి తొండం విసిరింది. మరుక్షణం ఓబన్న నీళ్ళ పీపా వెనక ఉన్నాడు.

ముసలాయన చంద్రి చెవి దగ్గర చేరాడు.

"చెవికాడ నీకేం పని? మంత్రమేస్తాండావా?" అన్నాడు ఓబన్న పీపా వెనక నుంచే.

"ఈగలు తోలుతాండా. నువ్వు రాప్పా. పైకి లేచిన చచ్చుతోలే కత్తిరించు. పచ్చితోలు జోలికి పోవద్దు."

చంద్రి కాలు ముందుకు చాచింది. తనను చూసే చాచిందనుకున్నాడు ఓబన్న.

టక్కుమని ఒక తునక రాలింది. టక్కుమని ఇంకొకటి.

"నిదానం... నిదానం... అంత లోతు వద్దు!"

"అబ్బ! ఆ పాడు పటకారు కంటే నువ్వే ఎక్కువ పీకుతాండావు, పెద్దాయనా!"

గులకరాయి బయటపడింది. చీము కారిపోయింది. చంద్రి ఒక్క ఊపున లేచి నిలబడింది.

ఈలలు, కేకలు. ఓబన్నను భుజాలకెత్తుకున్నారు. యజమాని వచ్చి శాలువా కప్పాడు.

"ఇంకేం కావాలో అడుగు ఓబన్నా!"

"ఏమీ వద్దు సామీ. ఆ తువ్వాలు మనిషిని ఈడ నుంచి పంపించండి సాలు. పని చేస్తాంటే నా ప్రాణం తీసినాడు."

సర్కసువాళ్ళు ముసలాయన్ను బయటికి నెట్టారు. ఆయన తువ్వాలు మూతి మీదికి ఇంకాస్త బిగించుకుని నడిచిపోయాడు.

పొద్దు వాలింది. బండ్లు రాజంపేట దారి పట్టాయి. చంద్రి పట్టలేదు.

రైల్వే స్టేషను వైపు తిరిగింది. గొలుసు పట్టుకున్న నలుగురినీ దుమ్ములో ఈడ్చుకుంటూ పోయింది. ఎనిమిది మంది అని చెప్పేవాళ్ళూ ఉన్నారు గాని, అబద్ధమాడకూడదు.

మద్రాసు రైలు అప్పుడే కదిలిపోయింది. చంద్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి, పొగ పోయిన దిక్కుకు తొండమెత్తి వాసన చూస్తూ ఉండిపోయింది.

రొప్పుతూ వచ్చారు యజమానీ ఓబన్నా.

"దీనికి రైలుతో ఏం పని?" అన్నాడు ఓబన్న.

"ఇంతకు ముందే ఆ తువ్వాలాయన ఎక్కిపోయినాడు" అన్నాడు స్టేషను కూలీ.

యజమాని ఓబన్న వైపు తిరిగాడు. "ఆ మనిషి దీని చెవిలో ఏమన్నాడు?"

"ఏముంది సామీ, 'బేటీ, కాలియ్యమ్మా' అన్నాడు. అది కాలిచ్చింది మాత్రం నన్ను చూసే."

యజమాని అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

"అది కాలిచ్చేది ఒక్కరికే ఓబన్నా... తల్లి చచ్చిన గున్నగా ఉన్నప్పుడు దీన్ని సీసాపాలు పట్టి పెంచిన మావటి మదార్ సాబుకు. ముసలివాడయ్యాడని పోయినేడు నేనే ఆయన్ను తరిమేశాను."