పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది

“పాస్‌పోర్టు ఇటివ్వు. మా బీరువాలో భద్రంగా ఉంటుంది,” అన్నాడు చువాంగ్, తైవాన్ విమానాశ్రయంలో, తల్లి సేవకి కుదుర్చుకున్న పనిమనిషి రుమియాతిని కలుసుకోగానే.

రుమియాతి ఇవ్వలేదు. “నా దగ్గరే ఉంటుందయ్యా.”

“ఒకసారి పారిపోయి, పట్టుబడి, దేశం నుంచి గెంటించుకున్నదానివి. నిన్నెలా నమ్మను?”

“అప్పుడు ముసలాయనకి సేవ అని రప్పించి, చేపల కొట్లో గొడ్డుచాకిరీ చేయించారు. పాస్‌పోర్టు వాళ్లు దాచేసుకోబట్టే దొంగలా పారిపోయాను. మళ్లీ రావద్దని నిషేధం పెట్టినన్నేళ్లూ ఇండోనేషియాలోనే ఉండి, ఇవాళ వీసాతో తలెత్తుకుని వచ్చాను. కుదరదంటే చెప్పండి, వచ్చిన విమానానికే వెళ్లిపోతాను.”

చువాంగ్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చక్రాల కుర్చీలో ఉన్న అతని తల్లి ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

“దింపరా చెయ్యి! నలభై ఏళ్లు మీ నాయనమ్మకి సేవ చేశాను. ప్రేమతో కాదు, పోవడానికి దారిలేక. ఆవిడ చచ్చిపోతే ఏడుపు కూడా రాలేదు. నాకు అలాంటి సేవ వద్దు. పోగలిగీ ఉండే మనిషి కావాలి.”

కొడుకు చెయ్యి దించేశాడు.

పోట్లాటకే సిద్ధపడి వచ్చిన రుమియాతి పాస్‌పోర్టుని తన సంచిలో పెట్టుకుంది. తర్వాత కుర్చీ వెనక్కి వెళ్లి పిడి పట్టుకుంది.

“ఆదివారం సెలవు కూడా కావాలవ్వా,” అంది.

ముసలావిడ పకపకా నవ్వింది.