పేపర్లకెక్కని మాత్ర

ఉదయం ఏడుంబావుకు వంటింట్లోని మందుల యంత్రం శేషుబాబు జ్వరానికి కొత్త మాత్ర తయారుచేసింది. ఎనిమిదిలోగా వేసుకోకపోతే ఇన్‌ఫెక్షన్ గుండెకు పాకుతుందని హెచ్చరించింది. ఆయన భార్య హైమవతి రిటైరైన కెమిస్టు. తెర మీద అణువు బొమ్మ చూసి మాత్రను గుప్పిట్లో మూసింది.

"ఇది వద్దండీ. మా ల్యాబులో చేశాను. ఎలుకల లివర్లు పాడైపోయాయి."

"మిషనుకు తెలీదా?"

"అది మా రీసెర్చ్ పేపర్లు చదివి నేర్చుకుంది. పనికిరానివి మేం పేపర్లలో రాసేవాళ్లమే కాదు."

"నలభై ఏళ్ల నాటి మాట. నిన్న ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావో మరిచిపోయావు."

"ఉప్పు నేను తయారుచెయ్యలేదు."

ఆమె మరో మందు అడిగింది. గంట పడుతుందని యంత్రం చెప్పింది.

ఎనిమిదికి శేషుబాబు జ్వరం నూట అయిదు. మొదటి మాత్ర హైమవతి గుప్పిట్లోనే ఉంది.